ఎడమకు తిరిగిన పువ్వు

అది 1998, వానాకాలం. నరసాపురంలో ఒక లేసు ఎగుమతి కంపెనీలో నేను ట్రైనింగ్ సూపర్‌వైజరుగా ఉండేదాన్ని. కొత్త డిజైను వస్తే ముందు నేను అల్లి చూసుకోవడం, ఊళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళకు నేర్పడం, వాళ్ళు పంపిన పనిని విడివిడిగా పట్టి చూడడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగంలోనే నా జుట్టు నెరిసింది. ఎన్నో ఆర్డర్లు వచ్చాయి, వెళ్ళాయి. కానీ నీ పనిలో మర్చిపోలేనిది ఒకటి చెప్పమని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఎప్పుడూ ఇదే. చెబుతుంటే ఇప్పటికీ అప్పటి హుషారే వస్తుంది.

లేసు అనగానే చాలామందికి చీర అంచుకు కుట్టే మిషను లేసు గుర్తొస్తుంది. మాది అది కాదు. చివర సన్నని కొక్కెం ఉన్న సూదితో నూలు దారాన్ని ఉచ్చులోంచి ఉచ్చు లాగుతూ చేత్తో అల్లేది. క్రోషే అంటారు. మా చుట్టుపక్కల ఊళ్ళలో వంట ముగించి అరుగు మీదకు వచ్చిన ఆడమనిషి చేతిలో ఆ సూది ఉండాల్సిందే. ఏజెంట్లు దారం ఉండలు ఇళ్ళకు పంచి, అల్లిన పువ్వులు తెచ్చి కంపెనీలో ఇస్తారు. ఒకరు అల్లిన పువ్వుల్ని మరొకరు కలుపుతారు. దాన్ని అతుకుపని అంటాం. ఆ తర్వాత ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయడం ఫినిషింగ్. ఒక టేబుల్ క్లాత్‌లో ఎన్ని ఊళ్ళ చేతులు ఉంటాయో కొన్నవాళ్ళకు తెలియదు.

ఆ రోజుల్లో మాకు బాగా నడుస్తున్న డిజైను గాలిమర పువ్వు. రేకులన్నీ ఒకే పక్కకు ఒరిగి, గాలికి తిరుగుతున్నట్టు ఉంటుంది. ఒకరోజు చెకింగ్ బల్ల దగ్గర అమ్మాయిలు ఒక కట్టలోంచి కొన్ని పువ్వులు తీసి పక్కన పడేస్తున్నారు. ఏమైందని అడిగితే, ఇవి ఉల్టాగా ఉన్నాయండి అన్నారు. ఒకటి తీసుకుని చూశాను. నిజమే, రేకులు ఎడమకు తిరిగాయి. వెనకవైపు చూస్తున్నానేమో అని తిప్పాను. కాదు, ముఖంవైపే. మామూలు పువ్వును అద్దంలో చూసినట్టు ఉంది. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురుకు ఎత్తి పట్టాను. ఉచ్చుల మధ్య ప్రతి కన్నూ ఒక్క కొలతలో ఉంది. ఆ కట్ట మొత్తంలో అంత బిగువైన అల్లిక ఇంకొకటి లేదు.

ఆ కట్ట తెచ్చిన ఏజెంటు వెంకన్నగారిని అడిగాను. ఆయన నొచ్చుకుంటూ చెప్పారు. మొగల్తూరు పక్క ఊళ్ళో ఆదిలక్ష్మి అని మంచి పనిమంతురాలు ఉంది, ఆవిడ ఇంట్లోంచి వచ్చిన పువ్వులవి, కానీ అల్లింది ఆవిడ కాదు, కొత్త కోడలు. పుర్రచేతి మనిషి. రిజెక్టులు ఇలాగే వస్తే ఆ ఇంటికి దారం ఇవ్వనని చెప్పేశానని అన్నారు.

మర్నాడే నేను బస్సెక్కాను. అంత తొందరేమిటని మా వాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ఆ చేతిని చూడకుండా ఉండబుద్ధి కాలేదు.

ఆదిలక్ష్మిగారి ఇల్లు రోడ్డు మీదే. ఎత్తు అరుగు. ఆవిడ నన్ను చూసి కంగారుగా లేచారు. దారం ఆపేయడానికి కంపెనీవాళ్ళే వచ్చారనుకున్నారట. కోడల్ని సూది ముట్టొద్దని చెప్పేశానండి, ఇంక అలాంటివి రావండి అని నేను అడగకముందే చెప్పడం మొదలుపెట్టారు. ఆ పువ్వులు చూసి మెచ్చుకోవడానికి వచ్చానని చెబితే ఆవిడ నమ్మలేదు. లోపలికి చూసి, "సత్యవేణీ, ఓపాలి ఇటు రా" అని పిలిచారు.

సత్యవేణికి ఇరవై దాటి ఉంటాయి. పుట్టిల్లు రామచంద్రపురం వైపు. అక్కడ వరి, కొబ్బరి తప్ప లేసు పని లేదు. పెళ్ళయి వచ్చాకే సూది చూసింది. అత్తగారు అరుగు మీద అల్లుతుంటే ఎదురుగా కూర్చుని చూస్తూ నేర్చుకుంది. ఎదురుగా కూర్చున్న కుడిచేతి మనిషిని చూస్తూ ఎడంచేతి మనిషి నేర్చుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. అద్దంలో బొమ్మను చూసి చేసినట్టే. అత్తగారి పువ్వు ఆ అమ్మాయి చేతుల్లో ఎదురు తిరిగి పూసింది. ఇద్దరిలో ఎవరికీ అది తప్పుగా అనిపించలేదు, చెకింగ్ బల్ల దాకా వచ్చేవరకు.

అల్లి చూపించమన్నాను. ఆ అమ్మాయి అత్తగారి వంక ఒకసారి చూసి సూది కుడిచేత్తో పట్టుకుంది. సూది జారుతోంది, దారం చిక్కుపడుతోంది. నీకు వాటమైన చేత్తోనే అల్లమ్మా అన్నాను. సూది చెయ్యి మారింది. అంతే. వేళ్ళు కనబడలేదు, పువ్వు పెరగడం మాత్రం కనబడింది. నేను ఆ ఊరి కబుర్లు రెండు అడిగేలోపు అరచేతి మీద గాలిమర తయారైంది.

చేతిలోంచి పువ్వు తీసి నాకిస్తూ, "ఇది తప్పాండీ?" అని అడిగింది.

"తప్పు కాదమ్మా. తిరుగుడు వేరు. కుడివాటం పువ్వుల మధ్య దీన్ని పెడితే కంటికి అడ్డం తగులుతుంది. అంతే."

"మా నాన్నదీ ఈ చెయ్యేనండి. కోతకి వరసలో నిలబెడితే పక్కవాళ్ళకి తగుల్తాదని చివర్న నిలబెట్టేవోరు. కమ్మరోరి దగ్గరికెళ్ళి ఎడంచేతి కొడవలి చేయించుకున్నాడు. పళ్ళు రెండో పక్క ఉంటాయండి దానికి. ఆ కొడవలి ఇంకెవరికీ తెగేది కాదు."

తండ్రి గురించి చెబుతున్నప్పుడు ఆ అమ్మాయి గొంతులో సిగ్గు లేదు. ఇంట్లో అమ్మ గరిటె కుడిచేతిలోకి మార్చి పెడుతుండేదని, వడ్డన, పూజ, ఇచ్చిపుచ్చుకోవడం కుడిచేత్తోనే అలవాటు చేసిందని, తండ్రి మాత్రం ఎప్పుడూ ఒక్క మాట అనలేదని చెప్పింది. తిరుగుడు తెలియని గుండ్రటి పువ్వులు వేరే డిజైన్లలో ఉంటాయి. ఆ పని ఈ అమ్మాయికి ఇమ్మని వెంకన్నగారికి చెప్పి, ఆ ఎడమ గాలిమరను నా సంచిలో వేసుకుని వచ్చేశాను. దాన్ని ఎందుకు తెచ్చుకున్నానో అప్పటికి నాకూ తెలియదు.

తర్వాత కొన్నాళ్ళకే ఆ ఆర్డరు వచ్చింది. ఇటలీ కొనుగోలుదారు ఒకాయన. కిటికీ తెరలు కావాలి, జతలుగా. ఎడమ తెర, కుడి తెర. రెండూ పక్కపక్కన వేలాడితే పువ్వులన్నీ మధ్యకు తిరిగి ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు ఉండాలి. డ్రాయింగ్ చూసి మా ఓనరు రాజుగారు ఉబ్బిపోయారు. అంత పెద్ద ఆర్డరు మా కంపెనీకి అంతవరకు రాలేదు. దానికేముంది, ఒక తెరను తిరగేసి వేలాడదీస్తే సరి అన్నారు. నేనూ మొదట అదే అనుకున్నాను.

సాంపిల్ అల్లేటప్పుడు అసలు సంగతి తెలిసింది. పువ్వు నడుమ పాప్‌కార్న్ స్టిచ్ ఉంది. పేలపు గింజలా పైకి ఉబ్బి ఉంటుంది. తెర తిరగేస్తే ఆ గింజలన్నీ వెనక్కి పోయి ముఖంవైపు గుంటలు పడుతున్నాయి. కుడిచేత్తోనే వెనక నుంచి అల్లమని మా మంచి పనివాళ్ళకు ఇచ్చి చూశాను. ఆకారం వచ్చింది కాని కన్ను వంకర పోయింది. జతలో ఒక తెర ఏడుస్తున్నట్టూ ఒక తెర నవ్వుతున్నట్టూ ఉంది. రాజుగారు కుర్చీలో వెనక్కి వాలి, రాసేద్దాం, మనవల్ల కాదని చెప్పేద్దాం అన్నారు.

నేను సంచిలోంచి సత్యవేణి పువ్వు తీసి, మామూలు గాలిమర పక్కన ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన ముందుకు వంగారు. రెండింటినీ దగ్గరకు జరిపారు. దూరం జరిపారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఈ మనిషి ఎక్కడుంది సుభద్రగారూ?"

"మొగల్తూరు పక్కనండి. కాని ఒక్కతే ఉంది. మనకి ఎడంచేత్తో కావాల్సింది సగం ఆర్డరు."

"ఒకళ్ళుంటే ఇంకొందరుండరా?" అన్నారాయన. "వెతకండి."

వెతకడం ఎలాగో తెలియక మొదట ఏజెంట్లకే చెప్పాం. ఎడంచేతి వాటం వాళ్ళు కావాలి, మంచి పని, కంపెనీలోనే కూర్చోబెట్టి చేయిస్తాం అని. ఒక్కరూ రాలేదు. పెళ్ళి కావాల్సిన పిల్ల ఉన్న ఇంట్లో, మీ అమ్మాయిది పుర్రచెయ్యా అని అడిగితే ఎవరు ఔనంటారండి అని వెంకన్నగారు విసుక్కున్నారు. నిజమే. ఎడంచేత్తో ఇచ్చింది పుచ్చుకోకూడదు, ఎడంచేత్తో తోసేశారంటే చులకన చేశారని. మన మాటల్లోనే ఆ చేతికి చోటు లేదు. దాచుకోక ఏం చేస్తారు?

ఇక లాభం లేదని సత్యవేణిని వెంటబెట్టుకుని నేనే ఊళ్ళమీద పడ్డాను. అత్తగారు పంపుతారో లేదో అనుకున్నాను. ఆదిలక్ష్మిగారు, తన పేరు మీద రిజెక్టు వచ్చిందని ఊరంతా అనుకున్నారని, ఆ మాట పోవాలంటే వెళ్ళిరమ్మని పంపారు.

మొదటి ఊళ్ళో నేను అరుగు అరుగుకూ వెళ్ళి అడుగుతుంటే సత్యవేణి నా వెంట నడిచింది. రెండో ఊళ్ళో మాత్రం, నన్ను చూడనివ్వండి అంది. ఆడవాళ్ళు గుంపుగా కూర్చున్న అరుగు దగ్గరకు వెళ్ళి కబుర్లు చెబుతూ, ఉన్నట్టుండి చేతిలోని దారం ఉండని ఒకావిడ మీదికి విసిరింది. ఆవిడ ఉలిక్కిపడి కుడిచేత్తో పట్టుకుంది. సత్యవేణి నవ్వి ఉండ వెనక్కి తీసుకుని ఇంకొకరికి విసిరింది. నాకు అర్థమయ్యేసరికి నాలుగో మనిషి దగ్గరకు వచ్చింది ఉండ. ఆ పిల్ల ఎడంచేత్తో పట్టుకుంది. పట్టుకున్న మరుక్షణం ఉండని కుడిచేతిలోకి మార్చేసుకుంది.

"అడిగితే మనుషులు చెప్పరండి. చేతులు దాచుకోలేవు" అంది సత్యవేణి నాతో, దారి నడుస్తూ.

అక్కడి నుంచి మాకు అదొక పండగైపోయింది. ఊరు దాటి ఊరు. బస్సులు, రేవు దాటడాలు, బురద దారులు. ఎక్కడ ఆడవాళ్ళు కూడితే అక్కడ దారం ఉండ గాల్లోకి లేచేది. నవ్వులు, కేకలు. ఎడంచెయ్యి లేచిన ప్రతిసారీ మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. కొంతమంది దొరికిపోయామన్నట్టు తలవంచుకున్నారు. మీ చెయ్యి మాకు కావాలి అని చెప్పేసరికి ఆ తలలు పైకి లేచేవి. ఆ క్షణం చూడడానికే ఎన్ని ఊళ్ళైనా తిరగవచ్చనిపించేది. పని దొరుకుతుందని, తనదీ ఎడంచెయ్యేనని పట్టుబట్టిన ఒకావిడ మాత్రం ఎడంచేత్తో సూది పట్టి పొడుచుకుని, అందరితోపాటు తనూ నవ్వేసింది.

సీతారాంపురంలో మహాలక్ష్మమ్మగారు దొరికారు. ఆవిడ పెద్దావిడ. ఆ ఊళ్ళో సగంమందికి లేసు నేర్పింది ఆవిడే, అందరికీ కుడిచేత్తోనే. కోడలి పక్కన కూర్చుని చూస్తున్నారు. ఉండ కోడలి కోసం విసిరితే గురి తప్పి ఆవిడ మీదకు పోయింది. పెద్దావిడ ఎడంచెయ్యి గాల్లోకి లేచి దాన్ని ఒడిసి పట్టుకుంది. కోడలు నోరు తెరుచుకుని చూస్తోంది. ఆవిడకు కూడా ఏం జరిగిందో వెంటనే అర్థం కాలేదు. చేతిలో ఉండని చూసుకుంటూ కూర్చున్నారు.

చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు నాయనమ్మ తన ఎడంచేతిని పరికిణీ బొందుకు కట్టేసేదని తర్వాత చెప్పారు. ఆ కట్టు విప్పేసినా చెయ్యి మాత్రం లేవలేదట. ఇప్పుడు సూది పట్టి చూస్తారా అని అడిగాను. ఆ చేతికి పని రాదమ్మా అన్నారు. అన్నారే గాని, మేం వేరే ఇంటికి వెళ్ళి వచ్చేసరికి అరుగు చివర ఒంటరిగా కూర్చుని ఎడంచేత్తో అల్లుతున్నారు. మొదటి పువ్వు నలిగిపోయింది. రెండోదానికి రేకులు తేలాయి. సాయంత్రానికి ఒక పువ్వు మా ముందు పెట్టి, "ఇన్నాళ్ళూ అద్దె చేత్తో బతికానమ్మా" అన్నారు. ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. మర్నాడు అందరికంటే ముందు ఆవిడే బస్సెక్కి కంపెనీకి వచ్చారు.

గోడౌను పక్క హాలు ఖాళీ చేయించి చాపలు పరిచాం. పిల్లలు, నడివయసువాళ్ళు, మహాలక్ష్మమ్మగారు, అందరూ ఎడంచేతివాళ్ళే. సత్యవేణి నేర్పేది. నేను చూసేదాన్ని. మామూలుగా లేసు పనివాళ్ళ మధ్య ఒక ఎడంచేతి మనిషి కూర్చుంటే మోచేతులు తగిలి కసురుకోవడం ఉంటుంది. ఇక్కడ అందరి మోచేతులూ ఒకేవైపు ఆడుతున్నాయి, ఎవరికీ ఎవరూ అడ్డం లేరు. నేను మధ్యలో కూర్చుని సూది తీస్తే మాత్రం నా మోచెయ్యి పక్కమనిషికి తగిలింది. జరిగి కూర్చున్నాను, అటువైపు ఆవిడకు తగిలింది. "మేడంగారిది కుడిచెయ్యి పాపం, చివర కూచోబెట్టండి" అని ఎవరో అన్నారు. హాలంతా ఘొల్లుమంది. నేను నిజంగానే వెళ్ళి చివర కూర్చున్నాను. వాళ్ళు రోజూ పడే ఇబ్బంది ఏమిటో నాకు ఆ పూట తెలిసింది. కత్తెర సంగతీ అంతే. ఎడంచేత్తో పడితే దాని అంచులు విడిపోయి దారం తెగకుండా నలుగుతుంది, ఎక్కడ కోస్తున్నామో కంటికి కనబడదు. అందుకే వాళ్ళంతా దారం పంటితో కొరికేవాళ్ళని అప్పటిదాకా నేను గమనించలేదు.

పని జోరుగా సాగుతుండగా దెబ్బ తగిలింది. మొదటి విడత ఎడమ పువ్వులు ఫినిషింగ్‌కు వెళ్ళి, గంజి పెట్టి ఇస్త్రీ అయ్యాక చూస్తే నూగులేచినట్టు ఉన్నాయి. పాప్‌కార్న్ గింజలు బిగువుగా నిలబడకుండా దూదిలా విచ్చుకున్నాయి. కుడి పువ్వులు పక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. రాజుగారు మొహం మాడ్చుకున్నారు. కుడిచేతి తెరలు అప్పటికే చాలా తయారయ్యాయి. జత లేకపోతే అవి కూడా దేనికీ పనికిరావు. అంటే ఎడంచేతివాళ్ళ పనే కాదు, ఊళ్ళల్లో కుడిచేత్తో అల్లిన వాళ్ళందరి పనీ పోయినట్టే. ఇంకో వారం చూసి ఆపేద్దామన్నారు. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. ఎవరూ ఎవరినీ నిందించలేదు గాని, చేతుల్ని ఒడిలో దాచుకోవడం మళ్ళీ మొదలైంది. అది చూడలేకపోయాను.

దారానికి పురి ఉంటుంది. సన్నని పోగులు కొన్ని కలిపి మెలేస్తే దారమవుతుంది. కుడిచేత్తో అల్లేటప్పుడు సూది చుట్టూ దారం తిప్పే ప్రతిసారీ ఆ పురి మరికాస్త బిగుస్తుంది. అదే పని ఎడంచేత్తో చేస్తే పురి వదులవుతుంది. దారం తయారుచేసేవాళ్ళు కూడా కుడిచేతినే తలుచుకుని చేశారన్నమాట. ఇది నాకు పుస్తకంలో చదివిన గుర్తుగా ఉంది గాని, కళ్ళారా చూడడం అదే మొదటిసారి. కారణం దొరికింది. కాని ఒక సంగతి మాత్రం అర్థం కాలేదు. మరి సత్యవేణి ఇంటి దగ్గర అల్లిన పువ్వులకు నూగు ఎందుకు లేదు? నా దగ్గరున్న పాత పువ్వును, హాల్లో ఆమె అల్లిన పువ్వును పక్కపక్కన పెట్టాను. ఒకటే చెయ్యి, ఒకటే దారం. ఒకటి బిగువు, ఒకటి వదులు.

ఇంటి దగ్గర ఎలా కూర్చుని అల్లుతావని ఆ అమ్మాయిని అడిగాను. ఏముందండి, అరుగు మీద అంది. అని, మాట ఆపేసి నా వంక చూసింది. నాకూ అప్పుడే ఆ ఎత్తు అరుగు కళ్ళముందు మెదిలింది. అరుగు మీద కూర్చుంటే దారం ఉండ అంచు దాటి కిందికి వేలాడుతుంది. వేలాడే ఉండ దానంతటది తిరుగుతుంది. తిరిగి, వదులైన పురిని తిరిగి పోసుకుంటుంది. ఇక్కడ చాపల మీద ఉండలన్నీ ఒళ్ళో కూర్చున్నాయి.

ఇద్దరం ఒక్క పరుగున వెళ్ళి ఫినిషింగ్ గదిలోంచి బెంచీలు మోయించుకొచ్చాం. అందర్నీ పైకి ఎక్కించి, ఉండలు కిందికి వదిలేయమన్నాం. ప్రతి పువ్వు తర్వాత అల్లిక కూడా ఒకసారి వేలాడదీసి తిరగనివ్వమంది సత్యవేణి. బెంచీల కింద అన్ని ఉండలూ బొంగరాల్లా తిరుగుతుంటే మహాలక్ష్మమ్మగారు వంగి చూసి చిన్నపిల్లలా మురిసిపోయారు. ఆ విడత పువ్వులకు గంజి పెట్టి ఇస్త్రీ చేసేటప్పుడు మేమెవరం అక్కడి నుంచి కదల్లేదు. ఇస్త్రీ పెట్టె పక్కకు జరిగింది. గింజలు ముత్యాల్లా నిలబడి ఉన్నాయి. ఎవరో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఎవరో తెలియదు.

చివరికి అంచు మిగిలింది. ప్రతి తెరకూ చుట్టూ అంచు అల్లాలి. ఎడమకు తిరిగిన పువ్వుల తెరకు అంచు ఎడంచెయ్యే వెయ్యాలి, కాని రెండు అంచుల బిగువూ ఒక్కటిగా ఉండాలి. ఒకరు లాగి ఒకరు వదిలితే జతలో ఒక తెర పొట్టిదైపోతుంది. రెండో తెర అంచుకు ఎవరిని పెట్టాలా అని ఆలోచిస్తుంటే ఆదిలక్ష్మిగారు తనంతట తనే వచ్చారు. నా చేతిని చూసి నేర్చుకున్న చెయ్యండి అది, దాని బిగువు నా బిగువే అన్నారు.

ఒక బెంచీ మీద అత్తగారు, ఎదురు బెంచీ మీద కోడలు. మధ్యలో రెండు తెరలు. ఆవిడ కుడిచెయ్యి ఇటు లాగితే ఆ అమ్మాయి ఎడంచెయ్యి అటు లాగింది. ఒకే వేగం, ఒకే ఊపు. ఇద్దరూ ఒకరి చేతులను ఒకరు చూస్తున్నారు. హాల్లో పని చేసేవాళ్ళంతా సూదులు ఆపి చూశారు. దారం తేవడానికి వచ్చిన వెంకన్నగారు గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆదిలక్ష్మిగారు తలెత్తి ఆయన్ని చూశారు.

"నా కోడలండి. పుర్రచెయ్యి" అన్నారు, అందరికీ వినబడేటట్టు.

మొదటి జత పూర్తయిన రోజు మధ్యాహ్నం, ఫినిషింగ్ గది పెద్ద కిటికీకి రెండు తెరలూ కట్టించారు రాజుగారు. వాన వెలిసి వెలుతురు లోపలికి పడుతోంది. ఎడమ తెర పువ్వులు కుడికి, కుడి తెర పువ్వులు ఎడమకు, అన్నీ మధ్యకు తిరిగి ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి. కిటికీలోంచి గాలి వస్తే రెండూ కదిలాయి. అప్పుడు చూడాలి. నా జీవితంలో అంత అందమైన లేసు నేను చూడలేదు, తర్వాత కూడా చూడలేదు. రాజుగారు సత్యవేణిని ముందుకు పిలిచి, ఇందులో నువ్వు అల్లినవి ఎన్నో అని నవ్వుతూ అడిగారు. ఆ అమ్మాయి తడుముకోకుండా, ఇటువైపువన్నీ మావేనండి అని కుడి తెర చూపించింది. చూపించింది ఎడంచేత్తోనే.

ఆర్డరు వెళ్ళింది. వెళ్ళడమే కాదు, ఆ కొనుగోలుదారు జత తెరలే మళ్ళీ మళ్ళీ అడిగాడు. మాకు తెలిసినంతలో అలాంటి జతలు అప్పట్లో ఇంకెవరూ పంపలేకపోయారు. ఎడంచేతివాళ్ళ బెంచీలు హాల్లో శాశ్వతంగా ఉండిపోయాయి. నేను నేర్పే పద్ధతి కూడా మారింది. అంతకుముందు అందర్నీ నా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేదాన్ని. ఆ తర్వాత కుడిచేతివాళ్ళు పక్కన, ఎడంచేతివాళ్ళు ఎదురుగా. ఇంత చిన్న మార్పు. ఇది ముందే తెలిసి ఉంటే ఎంతమంది సూది వదిలేసి వెళ్ళిపోయేవారు కాదో.

ఆ ఆర్డరు నాకు నేర్పింది ఒక్కటే. పని అందరిలా లేదంటే అది తప్పని కాదు. దానికి సరిపోయే జత మన దగ్గర ఇంకా తయారు కాలేదని కూడా కావచ్చు. చెయ్యిని మార్చడానికి మనం పడే కష్టంలో కాస్తయినా కూర్చునే చోటుని మార్చడానికి పడితే చాలు.

2004లో నేను ట్రైనింగ్ పని సత్యవేణికి అప్పగించాను. ఆమె పాఠం మొదలుపెట్టిన రోజున నేను వెనక కూర్చుని చూస్తున్నాను. నా వరస ఆమె దగ్గర తిరగబడింది: ఎడంచేతివాళ్ళు పక్కన, కుడిచేతివాళ్ళు ఎదురుగా. ఒక తల్లి పదో తరగతి పాసైన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లను గుమ్మం దగ్గరే నిలబెట్టి, తను లోపలికి వచ్చి, సత్యవేణి దగ్గరగా వంగి గొంతు తగ్గించి చెప్పింది.

"పిల్లది కాస్త ఎడంచేతి వాటం అండి. ఏమీ అనుకోకండి. మెల్లగా మాన్పించేద్దాం."

సత్యవేణి గుమ్మం వైపు తిరిగి, "నీ పేరేంటమ్మా?" అని అడిగింది. పిల్ల చెప్పింది. "రా, నా పక్కన కూర్చో" అని తన బెంచీ మీదే చోటు చూపించింది. ఆ పిల్ల ఒకసారి తల్లిని చూసి, పరుగున వచ్చి కూర్చుంది.